ఇప్పచెట్టు కింద ఎడమ అడుగు

జంపక్క ఎడమకాలు చాచి హీరాలాల్ మోకాలి మీద పెట్టింది. సర్కారు మనిషి మోకాలి మీద కాలు పెట్టడమంటే మొదట్లో ఆమెకు చచ్చేంత సిగ్గుగా ఉండేది. ఇప్పుడు అలవాటైపోయింది. హీరాలాల్ ఆ పాదాన్ని ఎత్తి, వాకిట్లో పడుతున్న పొద్దుటెండకు తిప్పి చాలాసేపు చూశాడు. ఏమీ అనలేదు. హీరాలాల్ ఏమీ అనలేదంటే తిట్లు వెనకాల బండి కట్టుకుని వస్తున్నాయని లెక్క.

బొటనవేలి మొదట్లో, నడిచేటప్పుడు నేలకు ఆనే కండ మీద, శివరాత్రి నాటికి మూసుకున్న పుండు మళ్లీ నోరు తెరిచింది. దాని పక్కనే కొత్తగా ఒక పొక్కు లేచి చితికింది. చుట్టూ తోలు ఉడికినట్టు తెల్లబడి ఉంది.

“చెప్పులు లేకుండ నడిచినవ్,” అన్నాడు.

“లే సారూ.”

“మల్ల లే అంటవ్.”

“నడవలే సారూ. ఇగో చెప్పులు. పండుకునేటప్పుడు గూడ పక్కన్నే పెట్టుకుంట.”

చెప్పులు గడప పక్కన ఉన్నాయి. లోపల మెత్తటి నల్ల రబ్బరు, కింద టైరు ముక్క, మడమ వెనక పట్టీ. ఆ కోయగూడెంలో చంటిపిల్లలకు కూడా తెలుసు అవి పెద్దరోగం చెప్పులని. తెలిస్తే తెలిసిందని జంపక్క వాటిని వేసుకునే ఏటికి పోతుంది, సంతకు పోతుంది, పేరంటానికి పోతుంది.

“నీళ్లల్ల నానబెడుతున్నవా?”

“అవ్.”

“నూనె?”

“ఇప్పనూనె రాస్తున్న. అద్దంల గూడ చూస్తున్న. మొన్న లేకుండె సారూ. నిన్న పొద్దుగూకంగ చూస్తే పొక్కు.”

“గట్లనా. అయితే ఆకాశం నుంచి పడ్డదేమో!” అని హీరాలాల్ పాదాన్ని కిందికి దించాడు. దించడం మాత్రం మెల్లగానే దించాడు. “జంపక్కా, చెప్పీ చెప్పీ నా నోరు పోతున్నది. మీకేమో చెవులు పోయినయ్. సోమవారం జీపొస్తది. డాక్టరమ్మ చూస్తది. పోయిన్సారి ఆమె ఏమన్నదో యాదున్నదా?”

యాది లేకేం. డాక్టరు నిర్మలాదేవి పోయినసారి ఆమె పాదం మీద చూపుడువేలితో అడ్డంగా ఒక గీత గీసింది. ఇంకోసారి పుండు తెరిచి ఎముక దాకా పోతే ఇక్కడికి తీసేయాల్సి వస్తుందమ్మా అంది. ఆ వేలు తగిలినట్టు జంపక్కకు తెలియలేదు. కంటితో చూసింది అంతే. కంటితోనే చూసింది కాబట్టి భయం రెండింతలయింది.

హీరాలాల్ పుండు కడిగి, గుడ్డ కట్టి, “నాలుగు దినాలు కాలు కింద పెట్టకు. జర కూసో,” అన్నాడు.

“ఇప్పపువ్వు రాలుతున్నది సారూ. ఎట్ల కూసునుడు?”

“పువ్వు కావాల్నా, కాలు కావాల్నా?”

ఇదీ ఒక ప్రశ్నే! కాలు లేకపోతే పువ్వు లేదు, పువ్వు లేకపోతే కూడు లేదు. కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ దుడ్డులా ఉండాలి అంటే ఎట్లా? హీరాలాల్ సైకిలెక్కి, ఇసుక దారిలో దిగి, మళ్లీ ఎక్కి, మళ్లీ దిగి నెట్టుకుంటూ పోయాడు.

అతను చెడ్డవాడేం కాదు. ఇల్లందు దగ్గరి తండాలో పుట్టినవాడు. పినపాక వైపు అడవి గూడేల్లో కుష్ఠు ఉన్నవాళ్లను వెతికి, మాత్రలు మింగించి, కాళ్లూ చేతులూ కాపాడుకోవడం నేర్పడం అతని ఉద్యోగం. జంపక్క వీపు మీద పాలిపోయిన మచ్చను మొదట పట్టుకున్నది అతనే. మాత్రలు అయిపోయాయి, రోగం పోయింది. రోగం తినేసిన నరం మాత్రం తిరిగి రాలేదు. ఎడమ అరికాలికి వేడి తెలియదు, ముల్లు తెలియదు, నొప్పి తెలియదు. ఇక బతికినన్నాళ్లూ ఆ కాలిని కంటితో కాపలా కాయాల్సిందే. అదంతా హీరాలాల్ ఓపిగ్గా నేర్పాడు. కానీ చెప్పేవాడికి వినేవాడు లోకువ. పుండు లేచిందంటే రోగి చెప్పిన మాట వినలేదని అతను తేల్చేస్తాడు. ఎట్లా లేచిందని అడగడు.

జంపక్కకు కోపం వచ్చింది. ఇన్నేళ్లలో సర్కారు మనిషి మీద కోపం రావడం ఇదే మొదలు. చెప్పినవన్నీ చేసింది. పొద్దునా సాయంత్రం బేసిన్లో నీళ్లు పోసుకుని, కాలు నానబెట్టి, గట్టిపడిన తోలును గరుకు రాయితో తోమి, తడి ఆరకముందే నూనె రాసింది. పసిపిల్లకు కూడా అంత చాకిరీ చేసి ఎరగదు. అయినా పుండు లేచింది. అంటే తను చూడనప్పుడు ఈ కాలు ఎక్కడికో పోయి దెబ్బ తగిలించుకుని వస్తోంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతి తర్వాత, తను పట్టాలి. సోమవారం లోపల పట్టాలి.

ఆ రోజంతా ఆమె తన కాలి వెంట తనే తిరిగింది.

ముందు చెప్పుల్ని అనుమానించింది. లోపల వేళ్లు పెట్టి అంగుళం అంగుళం తడిమింది. చేతులకు స్పర్శ ఉంది, అదొక అదృష్టం. మేకు లేదు, రాయి లేదు, కుట్టు తేలలేదు. పొయ్యి దగ్గర కూర్చున్నప్పుడు కాలు ఎటు ఉంటుందో చూసుకుంది. గోడవైపే ఉంది. కాలు నానబెట్టే నీళ్లలో మోచేయి పెట్టి చూసింది. చల్లగానే ఉన్నాయి. మంచం కింద ఎలుక బొక్కలేమైనా ఉన్నాయా అని వంగి చూసింది. స్పర్శ లేని కాలును నిద్రలో ఎలుకలు కొరుకుతాయని హీరాలాలే ఒకసారి చెప్పాడు. బొక్కలు లేవు. ఉన్నా, ఇది కొరికిన గాయం కాదు. తోలు ఉడికింది. కాలిన గాయం.

“ఏం పోగొట్టుకున్నవక్కా, అట్ల దేవులాడుతున్నవ్?” అంది తోడికోడలు భీమక్క, గడప మీద కూర్చుని తల దువ్వుకుంటూ.

“నా కాలు.”

“మోకాలి కిందనే ఉన్నది చూడు. ఈడికి కనపడుతున్నది.”

“నవ్వుతవ్ నువ్వు. సోమవారం కోసి తీస్కపోతే అప్పుడు నవ్వు.”

భీమక్క దువ్వెన ఆపింది. ఆమెకు నోటి తీట ఎక్కువే గానీ మనసు మెత్తన. లేచి వచ్చి జంపక్క పక్కన చతికిలబడి, తనూ ఆ చెప్పుల్లో చేయి పెట్టి తడిమింది. ఏమీ దొరకలేదు.

శుక్రవారం తెల్లవారుజామునే అత్త పుల్లమ్మ కేకేసింది. ఇప్పపువ్వు రాలే రోజుల్లో పుల్లమ్మ గూడెంలో కోళ్ల కన్నా ముందు లేస్తుంది. హీరాలాల్ కూర్చోమన్నాడు. కూర్చుంటే దొంగ దొరకదు. జంపక్క కాలికి గుడ్డ గట్టిగా చుట్టుకుని, చెప్పులు తొడుక్కుని, గంప తీసుకుని బయలుదేరింది.

అడవిలో ఏ చెట్టు ఎవరిదో రాత లేకపోయినా అందరికీ తెలుసు. పుల్లమ్మ మామ నాటి నుంచీ వాగు అవతలి దిబ్బ మీది పెద్ద ఇప్పచెట్టు, దాని పక్కన ఉన్న రెండు చిన్నవీ వీళ్లవి. పువ్వు రాలడం మొదలుకాక ముందే చెట్టు కింద ఎండుటాకుల్ని కుప్పచేసి నిప్పు పెడతారు. ఆకులు కాలిపోతే నేల నల్లగా బూడిదతో మిగులుతుంది. దాని మీద తెల్లటి పువ్వు రాలితే చీకట్లో కూడా కనిపిస్తుంది, ఏరుకోవడం సులువు. దిబ్బ మొదట్లో ఒక చదును బండ ఉంది. ముగ్గురూ ఆ బండ దగ్గరికి వచ్చారు. పుల్లమ్మకూ భీమక్కకూ చెప్పుల్లేవు. జంపక్క వంగి పట్టీలు విప్పి, చెప్పులు బండ పక్కన పెట్టి, చెట్టుకు దండం పెట్టుకుని, వట్టికాళ్లతో బూడిదలోకి అడుగుపెట్టింది.

మీరు పట్టేశారు. ఆమె పట్టలేదు. అందులో వింతేముంది? గుడికి పోయి వచ్చిన మనిషిని ఆపి, ఇవాళ చెప్పుల్లేకుండా ఎక్కడైనా నడిచావా అంటే ఎక్కడా నడవలేదంటాడు. గుడి లెక్కలోకి రాదు. జంపక్కకు ఇప్పచెట్టు కింది నేల అట్లాంటిది. వర్షాలు లేని ఏడు ఉడకబెట్టిన ఇప్పపువ్వు తిని బతికిన మనుషులు వీళ్లు. తల్లి ఒడిలోకి చెప్పులేసుకుని ఎవరెక్కుతారు?

పొద్దు పొడిచేదాకా ఏరారు. పువ్వు జిగటగా, తీయటి వాసనతో వేళ్లకు అంటుకుంటోంది. గంప సగం నిండాక జంపక్క నడుం పట్టుకుని లేచి, అలవాటు కొద్దీ బూడిద మీద జాడలు చూసింది. పువ్వు కోసం రాత్రి ఎలుగుబంటి వస్తుంది. వచ్చిందో లేదో, ఎటు పోయిందో, ఇంకా ఉందో చూసుకోకుండా చెట్టు కింద తిరగడం బుద్ధి తక్కువ పని. ఏటవాలు ఎండ పడి బూడిదలో ప్రతి అడుగూ స్పష్టంగా కనిపిస్తోంది. ఎలుగు రాలేదు. అడవిపిల్లి ఒకటి పోయింది. మిగతావి మనుషుల అడుగులు.

బండ నుంచి పెద్ద చెట్టుకు అడుగులు వరసగా పోయాయి. వేళ్లు విడివిడిగా, వెడల్పుగా ఉన్నవి పుల్లమ్మవి. మడమ లోతుగా దిగినవి భీమక్కవి, ఒళ్లున్న మనిషి. సగం దారిలో, ఏమీ లేని చోట, పుల్లమ్మ అడుగులు పక్కకు తిరిగాయి. భీమక్కవి కూడా తిరిగాయి. నిన్నటివీ తిరిగాయి, మొన్నటి చెదిరిన జాడలూ తిరిగాయి. రాయి అడ్డం వస్తే నీళ్లు చుట్టూ పోయినట్టు అన్నీ ఒకే చోట వంగి మళ్లీ దారిలోకి వచ్చాయి. అక్కడ రాయి లేదు. ముల్లు లేదు. నున్నటి బూడిద ఉంది.

ఆ బూడిద మధ్య నుంచి ఒకే ఒక మనిషి అడుగులు నేరుగా పోయాయి. గుడ్డ చుట్టిన ఎడమ అడుగులో వేళ్లు సరిగా పడలేదు, ఈడ్చినట్టున్నాయి. బొటనవేలి మొదట్లో గుంట పడింది. ఆ అడుగు ఎవరిదో కనుక్కోవడానికి జంపక్కకు పెద్ద జాడకాడు అక్కర్లేదు.

ఆమె మోకాళ్ల మీద కూర్చుని చేతిని వెనక్కు తిప్పి, పసిపిల్ల జ్వరం చూసినట్టు ఆ బూడిద మీదికి ఆనించబోయింది. ఆనకముందే చేయి వెనక్కు లాక్కుంది. పుల్లతో తవ్వింది. కింద ఎప్పటిదో ఎండిన మొద్దు వేరు లోలోపల కణకణ కాలుతోంది. ఆకులు తగలబెట్టిన నాటి నిప్పు వేరులోకి దిగి, పొగ కూడా లేకుండా కూర్చుంది.

“భీమక్కా! ఇటు రా.”

భీమక్క వచ్చింది. చెయ్యంత దూరంలో తనంతట తనే ఆగింది.

“పొద్దుగాల నువ్వు ఈడికొచ్చి ఇట్లెందుకు తిరిగినవే?”

“ఏడ తిరిగిన?”

“ఇగో, చూడు. నీ అడుగే గదా. ఎందుకు తిరిగినవ్?”

“కాలుతది గదక్కా!”

“మరి నాకు చెప్పలేవేందే?”

“ఓయమ్మ! కాలేది గూడ ఒకరికొకరు చెప్పుకుంటరా? కాలు పెడితె తెలుస్తది గ...” అని భీమక్క నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

జంపక్క ఏడ్చింది. నొప్పి పెట్టి ఏడ్వడం ఆడవాళ్లకు తెలిసిన పనే. నొప్పి పెట్టనందుకు ఏడవడం ఆమెకే కొత్త. రోజూ పొద్దున్నే తల మీది గంప దించుకుని, దండం పెట్టుకుని, నిప్పుల మీద నడుచుకుంటూ పోయింది. సాయంత్రం బుద్ధిగా అదే కాలికి నూనె రాసింది. భీమక్క కూడా ముక్కు చీదుకుంటూ ఏడ్చి, “నా నోటికి ఏ దెయ్యం పట్టిందో, ఊళ్లె ముచ్చట్లన్నీ చెప్తగని గిది చెప్పలే,” అంది.

జంపక్క కళ్లు తుడుచుకుంది. దొంగ దొరికాక ఏడుపెందుకు? గంపలో పువ్వును కొంగులోకి వంపుకుని, ఖాళీ గంపను తీసుకుపోయి, బాగా పడిన అడుగుల మీద బోర్లించింది. గాలికి ఎగరకుండా పైన రాయి పెట్టింది. పులి అడుగు దొరికితే ఫారెస్టువాళ్లు ఇట్లాగే బుట్ట బోర్లించి పెద్దసార్లు వచ్చేదాకా కాపలా పెడతారు. తన అడుగు పులి అడుగు కన్నా ఎందులో తక్కువ? తర్వాత వాగు నుంచి కుండలతో నీళ్లు తెచ్చి ఇద్దరూ ఆ వేరు మీద పోశారు. బుస్సుమని ఆవిరి లేచింది. వేలు పెడితే చల్లగా తగిలేదాకా పోస్తూనే ఉన్నారు.

ఇదంతా చెట్టు అవతలి నుంచి పుల్లమ్మ చూస్తోంది. వేరు చల్లారాక జంపక్క ఆమె దగ్గరికి పోయింది.

“అత్తా, రేపటి సంది నేను చెట్టు కిందికి చెప్పులేస్కొని వస్త.”

పుల్లమ్మ చేతిలో పువ్వు చేతిలోనే ఉండిపోయింది. “ఏమంటున్నవే?”

“నా కాలికి తెలుస్తలేదు. నిప్పయినా ముల్లయినా. చూసినవ్ గదా.”

“నిప్పు ఆర్పినవ్ గదా, అయిపాయె. ఇప్పతల్లి కిందికి చెప్పులా? నా కండ్ల ముందట? మా అత్త రాలే, మా అత్తకత్త రాలే. నువ్వొస్తవా?”

“వాళ్ల కాళ్లు బతికి ఉండె.”

“నోర్మూయ్. ఊరంతటికీ కీడు పెడతవా?”

పుల్లమ్మ గయ్యాళి అయితే బదులు చెప్పొచ్చు. పుల్లమ్మకు నిజంగా భయం. భయపడే మనిషితో వాదించి గెలిచినవాళ్లు లేరు.

అయినా జంపక్క ఒక పని మాత్రం చేసింది. శనివారం పొద్దున పుల్లమ్మ కేకేసింది. జంపక్క లేచింది గానీ చెట్టు కిందికి పోలేదు. చూరు కింద చాప వేసుకుని, ఎడమకాలు పీట మీద ఎత్తి పెట్టుకుని, భీమక్క తెచ్చి పోసిన పువ్వును కూర్చున్న చోటే ఆరబోసింది. చుట్టుపక్కల వాళ్లు పనికి పోతూ చూశారు. కూర్చోవడం ఎంత కష్టమైన పనో అప్పుడు తెలిసింది. చేతులు ఆడుతూనే ఉన్నాయి, చూపు మాత్రం వాగు అవతలికే పోతోంది.

“పువ్వు రాలుతుంటె ఇంట్ల కూసుంటవా?” అంది పుల్లమ్మ, రెండో గంప దించుతూ.

“కాలు రాలకుండ కూసున్న అత్తా.”

భీమక్క కిసుక్కున నవ్వి, అత్త చూపు తగిలి, గబగబా కుండ ఎత్తుకుని నీళ్లకు పోయింది. ఆ రాత్రి జంపక్క కంచంలో పుల్లమ్మ పోసిన అంబలి ఎప్పటికన్నా చిక్కగా ఉంది. ఆదివారం కూడా అట్లాగే గడిచింది. సాయంత్రం అద్దంలో చూసుకుంటే పుండు చుట్టూ ఎరుపు కొంచెం తగ్గినట్టుంది. తగ్గిందో, తగ్గాలని తన కళ్లే అనుకుంటున్నాయో ఆమె తేల్చుకోలేకపోయింది.

సోమవారం జీపు వచ్చింది. ముందు సీట్లో డాక్టరు నిర్మలాదేవి, వెనక హీరాలాల్. ఇంకా మూడు గూడేలు తిరగాలి, ఎండ ముదురుతోంది.

“కాలు చూపించమ్మా,” అంది డాక్టరు.

“చూపిస్త డాక్టరమ్మా. ముందుగాల మీరొకటి చూడాలె. వాగు దాటితె అదే.”

“ఏయ్, డాక్టరమ్మకు టైమున్నదా?” అన్నాడు హీరాలాల్.

“కాలు కొయ్యనీకి టైమున్నది గదా సారూ. చూడనీకి ఉండదా?”

డాక్టరు ఆమె ముఖం వైపు ఒక క్షణం చూసి, “పద,” అని జీపు దిగింది.

బండ దగ్గర పుల్లమ్మ అడ్డంగా నిలబడి ఉంది. డాక్టరు కాళ్ల వైపు చూసి, “చెప్పులు ఈడ్నే,” అంది. నిర్మలాదేవి విప్పింది. హీరాలాల్ వంగి బూట్ల తాడు విప్పుతూ, పక్కన అప్పటికే విడిచిపెట్టి ఉన్న చెప్పులు చూశాడు. నల్ల రబ్బరు, వెనక పట్టీ. తాడు చేతిలోనే ఉంది, అతను తలెత్తాడు.

“చెప్పులు ఈడ ఇడుస్తవా నువ్వు?”

“అందరం ఇడుస్తం.”

“రోజూ?”

“పువ్వు రాలినన్ని దినాలు.”

“మరి చెప్పుల్లేకుండ నడవలే అంటివి గదా జంపక్కా!”

“నువ్వు అడిగింది నడక గురించి సారూ. ఇది ఇప్పచెట్టు.” ఆమె అబద్ధమాడలేదు. నిజం ఎంత దగ్గర ఉందో శుక్రవారం దాకా ఆమెకే తెలియదు. “నాకూ మొన్ననే తెలిసింది,” అని, నెమ్మదిగా ముందుకు నడిచి, రాయి తీసి గంప ఎత్తింది.

అడుగులు అట్లాగే ఉన్నాయి. జంపక్క పుల్లతో చూపించింది. ఇవి మా అత్తవి, ఇక్కడ తిరిగినయ్. ఇవి భీమక్కవి, ఇక్కడ తిరిగినయ్. ఇవి నావి. హీరాలాల్ వంగి, ఆ మూడు జాడల వెంటా మళ్లీ మొదటి నుంచి కళ్లతో నడిచాడు. ఈడ్చిన ఎడమ అడుగు దగ్గర ఆగాడు. చాలా పాఠాలు చెప్పిన మనిషి, అతని దగ్గర బొమ్మల చార్టులున్నాయి, ఏ చార్టులోనూ ఈ బొమ్మ లేదు.

“నేను అడగాల్సింది అడగలే,” అన్నాడు చివరికి. “తిట్టిన.”

“ఆ నిప్పు ఆర్పేశావా?” అంది డాక్టరు.

“ఆర్పిన. అదే దినం.”

అక్కడే పైకి తేలిన చెట్టు వేరు మీద కూర్చోబెట్టి డాక్టరు గుడ్డ విప్పింది. పుండు లోపలికి సన్నటి కడ్డీ పెట్టి మెల్లగా తాకి చూసింది. జంపక్క ఆమె చేతిని చూడలేదు, ముఖాన్నే చూసింది. తన కాలు తనకు చెప్పదు కాబట్టి ఎదుటివాళ్ల ముఖంలో చదువుకోవడం ఆమెకు అలవాటు. డాక్టరు నొసలు ముడిపడి, ముడిపడి, విడిపోయింది.

“ఎముక దాకా పోలేదు. పైపైనే ఉంది,” అంది. “చూడమ్మా, నేను మాట ఇవ్వలేను. లోపలికి పోతే నేను కూడా ఆపలేను. కానీ గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? తునికాకు కోతల దాకా, ఇంకో నెల చూద్దాం. హీరాలాల్ వారం వారం వస్తాడు.”



హీరాలాల్ కొత్త గుడ్డ కట్టడం మొదలుపెట్టాడు. మామూలుగా ఈ సమయానికి అతని పాఠం మొదలవుతుంది. నానబెట్టు, తోము, నూనె రాయి, చూడు. ఈసారి ముడి వేస్తూ, “నువ్వే చెప్పు జంపక్కా. ఇప్పుడేం చేద్దాం?” అన్నాడు.

ఆమెను అట్లా ఎవరూ అడిగి ఉండలేదు. అయినా రెండు రోజులు చూరు కింద ఊరికే కూర్చోలేదు, అన్నీ ఆలోచించి పెట్టుకుంది. “పుండు మానేదాంక చెట్టు కింద నడవ. పీట మీద కూసోని, జరుక్కుంట ఏరుత. వచ్చే ఏడు మా చెట్ల కింద నిప్పు పెట్టం. ఊడుస్తం. ఊడ్చేది నేనే ఊడుస్త, కష్టమైనా సరే.” అక్కడ ఆగింది. “చెప్పుల సంగతి...” అని పుల్లమ్మ వైపు చూసింది.

పుల్లమ్మ చూపు తిప్పుకుని, గంప చంకన పెట్టుకుని, ఇంటిదారి పట్టింది. జీపు జంపక్కను ఎక్కించుకోకుండానే పోయింది. ఆమె అది వాగు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది. నిలబడకూడదని గుర్తొచ్చి వెంటనే కూర్చుంది.

మంగళవారం పొద్దున ముగ్గురూ మళ్లీ బండ దగ్గరికి వచ్చారు. జంపక్క చంకలో పీట ఉంది. బండ నుంచి చెట్టు దాకా ఆ నాలుగు అడుగులు ఎట్లాగూ వేయాలి. ఆమె వంగి చెప్పు పట్టీ మీద చేయి వేసింది.

“ఆగు,” అంది పుల్లమ్మ.

ముసలామె కింద కూర్చుని, కోడలి కాళ్ల నుంచి ఆ చెప్పులు తనే విప్పింది. పెద్దరోగం చెప్పుల్ని ఇన్నేళ్లలో ఆమె చేత్తో ముట్టుకోలేదు, గడప ఊడ్చేటప్పుడు చీపురుతో పక్కకు నెట్టేది. వెంట తెచ్చిన ముంతలో నీళ్లతో వాటిని కడిగింది. అడుగునా, పైనా, పట్టీలూ రుద్ది రుద్ది కడిగింది. రెండింటినీ తీసుకుపోయి పెద్ద చెట్టు మొదట్లో పెట్టి, అప్పుడే రాలిన పువ్వు గుప్పెడు వాటి పక్కన ఉంచి, చేతులు జోడించింది. కోయ మాటలోనే చెట్టుతో మాట్లాడింది, పక్కింటామెతో మాట్లాడినట్టే.

“తల్లీ, కోపం చెయ్యకు. ఇవి చెప్పులు గావు. ఇవి దీని అరికాళ్లు. సొంత అరికాలు చచ్చిపాయె, సర్కారోళ్లు ఇవి ఇచ్చిన్రు. నీ నిప్పుల మీద ఇన్ని దినాలు నడిచింది, నీ బిడ్డ, ఒక్క మాట అనలే. మేం గూడ చూస్కోలే. తప్పు మాది. దీన్ని రానియ్యి.”

జంపక్కకు కంటినిండా నీళ్లు తిరిగాయి. అత్త తనను బిడ్డ అనడం ఆమె ఎప్పుడూ వినలేదు, చెట్టుకు చెబుతుంటే విన్నది.

పుల్లమ్మ చెప్పులు తెచ్చి కోడలి ముందు పడేసింది. “తొడుక్కో జల్దీ. పొద్దెక్కుతున్నది.”

“అత్తా, మరి నాకు గూడ చెప్పులు?” అంది భీమక్క.

“నీ కాళ్లకేమైందే, రాతి కాళ్లు! నడువ్.”

జంపక్క పట్టీలు బిగించి, చల్లారిన బూడిదలోకి అడుగుపెట్టింది. పుల్లమ్మ ఆమెకు ఒక అడుగు ముందు నడిచింది. నడుస్తూ, ఇక్కడ తుప్ప ముల్లుంది, ఇక్కడ మొద్దు తేలింది, ఇక్కడ కూడా నేల గోరువెచ్చగా ఉంది, పక్కకు రా అని, కాలికి తెలిసినదల్లా పైకి చెబుతూనే పోయింది.